రెండంగుళాల గట్టు

తిరుపతి కొర్లగుంటలో ఒక మేడ మీద జిమ్ము ఉంది. ఉత్తరం కిటికీ తీస్తే శేషాచలం కొండ కనిపిస్తుంది, పొద్దుగూకితే గాలిగోపురం దీపాలు. నేను అక్కడ చేరింది కండల కోసం కాదు, మోకాళ్ల కోసం. రెండేళ్లుగా కొండ మెట్లు దిగేటప్పుడు రెండు మోకాళ్లూ పలుకుతున్నాయి. తొడల్లో బలం పెంచుకోమన్నారు డాక్టరుగారు. ఎట్లా పెంచుకోవాలో చెప్పడానికి ఒకరికి ఇద్దరు దొరికారు, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒకాయన డ్రిల్లు మాస్టరుగా రిటైరయిన పెద్దమనిషి. చిత్తూరు ఆయనది, యూనివర్సిటీ రోజుల్లో వెయిట్‌లిఫ్టరు. కూతురింటికని తిరుపతి వచ్చి, తెల్లారేసరికి జిమ్ములో తేలతాడు. రెండోవాడు ఆయన చెల్లెలి కొడుకు, ఇరవై ఏడేళ్లవాడు, పవర్‌లిఫ్టింగ్ పోటీలకు తయారవుతున్నాడు. జిమ్ములో అందరికీ వాళ్లు మామ, అల్లుడు. నేనూ అట్లే రాస్తాను.

ఆ రోజు నా వీపు మీద ఉన్నది ఖాళీ బార్. ఏడడుగుల పైచిలుకు ఇనుము, ఇరవై కిలోలు. ఒక కొస మామ పట్టుకొని పైకి జరుపుతున్నాడు, రెండో కొస అల్లుడు పట్టుకొని కిందికి లాగుతున్నాడు. బార్ ఒక పక్కకు ఒరిగి, నేను కావడి మోసే మొక్కుబడి మనిషిలాగా మధ్యలో నిలబడ్డాను.

మామ: మెడ వంచండి సార్. మెడ మొదట్లో ఎముకొకటి చేతికి తగుల్తాది. దాని మీద పెడితే నొప్పి పుడతాది. దానికి కింద, బుజాలు ఎగరేస్తే కండ ఉబ్బుతాది చూడండి, ఆ కండ మీద పెట్టాల. రాడ్డుకి అదీ చోటు.

అల్లుడు: ఇంకో రెండంగుళాలు దించండి సార్. రెక్కలు రెండూ దగ్గరికి లాగండి. రెక్క ఎముక మీద అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. దాని కింద, భుజం వెనక కండ అరుగు వేసినట్టు ముందుకొస్తుంది. బార్ ఆ అరుగు మీద కూర్చోవాలి.

నేను: రెండంగుళాలకు ఇంత గొడవా?

మామ: రెండంగుళాలకు మా ఊళ్లో కోర్టుకు పోయినారు సార్.

నేను బార్‌ను స్టాండు మీదికి తోసి, గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చున్నాను. మీరు తేల్చుకోండి, అప్పుడొస్తాను అన్నాను. తేలలేదు గానీ, వినడానికి బాగుంది.

అల్లుడు: పైన పెట్టుకోమంటావు కదా మామా, దానికి కారణం చెప్పు. అలవాటు అని మాత్రం చెప్పొద్దు.

మామ: 1979లో మా హాల్లో ఈ స్టాండు యాడుండింది రా? రెండు రాడ్లు, తుప్పు పట్టిన ప్లేట్లు, చెక్క పలకలు పరిచిన నేల. అంతే. బస్కీలు తియ్యాలంటే కింద ఉండే రాడ్డును గుండెల మీదికి లాక్కోవాల, తల దాటించి ఎనక్కి దించుకోవాల. పైనించి దిగేది యాడ దిగుతాది? మెడ మొదట్లోనే దిగుతాది. నూరు కిలోలు దాటితే ఇద్దరు పిలకాయలు చెరోపక్క పట్టుకొని, ఉత్సవ విగ్రహాన్ని వాహనం మీదికి ఎక్కించినట్టు ఎక్కించేవాళ్లు.

అల్లుడు: అంటే మీ పద్ధతి శాస్త్రం చూసి పుట్టింది కాదు, స్టాండు లేక పుట్టింది.

మామ: స్టాండు లేక పుట్టింది, పనికొచ్చి నిలబడింది. అది చెప్పవేం?

ఇక్కడ నేను మామ పక్షమే. 1920ల్లో జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన హెన్రీ స్టైన్‌బోర్న్ అనే మల్లుడు, జనం ‘మైలో’ అని పిలిచేవారు, బార్‌ను ఒక కొస మీద నిలువుగా నిలబెట్టి, దాని కిందికి భుజం దూర్చి, వీపు మీదికి ఒరగదోసుకుని, అట్లే కూర్చుని లేచేవాడు. ఆ పద్ధతిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. బార్ వీపు మీద ఎక్కడ ఆనాలో అప్పట్లో సగం నిర్ణయం బార్‌దే. మనిషి తాపీగా కిందికి దూరి, అంగుళాలు కొలుచుకుని, రెక్కలు బిగించుకుని నిలబడే భోగం స్టాండు వచ్చాకే. అల్లుడి పద్ధతికి అది ఉండి తీరాలి.

మామ: ఇంకో మాట విను. మా ఆటలో రాడ్డు కడాకు తల మీదికి పోవాల. మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో ఏం చేసింది? స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఆ 130 కిలోలు గుండెల మీద పట్టుకొని పూర్తిగా గొంతుక్కూర్చొని లేచింది. ఆ యాల వీపు రొంత వంగిందా, రాడ్డు ముందరికి జారి నేలన పడతాది. అందుకే మేము బస్కీల్లోనూ వీపు నిటారుగా పెట్టేది నేర్పిస్తాము. రాడ్డు పైన ఉంటే వీపు నిటారుగా ఉంటాది. శ్రీకాకుళం పక్క ఊసవానిపేటలో ఆడపిలకాయలు నేర్చుకొన్నది ఇదే.

అల్లుడు: ఆమె మూడో ప్రయత్నం 137.5 కిలోలు. అది పడిపోయింది. పైన ఉన్న ఇద్దరికీ 242.5 కిలోలు. రెండున్నర కిలోల తేడాతో కంచు దగ్గర ఆగింది.

మామ: అది నిటారు వీపు తప్పంటావా?

అల్లుడు: కాదులే మామా. ఆ మాట అంటే నాకే పాపం. నేను చెప్పేది, అది ఆమె ఆట, నాది వేరే ఆట. నేను తల మీదికి ఎత్తేది ఏమీ లేదు. కూర్చుని లేవాలి, పడుకుని తొయ్యాలి, నేల మీది నుంచి నిలబెట్టాలి. మూడే. మా అంతర్జాతీయ సమాఖ్య పుట్టిందే 1972లో.

మామ: ఆ ఏడే ఒలింపిక్స్‌లో ప్రెస్సు ఆఖరు. మా సారు చెప్పి చెప్పి బాధపడేవాడు. ఒక ఆటలో మూడోది పోయింది, ఇంకో ఆట మూడింటితో పుట్టింది.

అల్లుడు: మూడింటినీ కూడి చూస్తారు కాబట్టి, స్క్వాట్‌లో నాకు ఎక్కువ కిలోలు కావాలి. కిందికి దించితే ఎక్కువ లేస్తాయి. నేను ఒకణ్నే అనేది కాదు, పవర్‌లిఫ్టర్లలో ఎక్కువమంది కిందనే పెడతారు.

మామ: ఎందుకు ఎక్కువ లేస్తాది? అది చెప్పు. నేను కారణం చెప్పినా కదా.

అల్లుడు: చెప్తా. పాకాల దగ్గర మీ పొలం గట్టు గొడవ ఎన్నేళ్లు నడిచింది?

మామ: దాన్నెందుకు ఎత్తుతావురా ఇప్పుడు?

అల్లుడు: తొడను పొలం అనుకో. ఈ కొసన మోకాలు, ఆ కొసన తుంటి. అన్నదమ్ములు. కిందికి దిగి తొడ నేలకు సమంగా వచ్చినప్పుడు పొలం పొడవు, ఊరికే, నలభై సెంటీమీటర్లు అనుకుందాం. ఇప్పుడు మేస్త్రి గోడ చూసుకోను దారానికి గుండు కట్టి వదుల్తాడే, అట్లా బార్ నుంచి దారం వదులు. అది పాదం నడుమ పడాలి. ముందుకు పడితే బోర్లా పడతాం, వెనక్కి పడితే వెల్లకిలా. ఆ దారం తొడను ఎక్కడ కోస్తే అక్కడ గట్టు. గట్టుకు ఇవతల ఎంత ఉంటే మోకాలికి అంత సేద్యం, అవతల ఎంత ఉంటే తుంటికి అంత.

మామ: ఆగు. దారం ఎప్పుడూ పాదం నడుమే పడాలంటావు. అట్లయితే రాడ్డు పైన పెట్టినా కింద పెట్టినా గట్టు కదలదు కదా?

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ముప్పై ఏళ్లు పిల్లల్ని వరసల్లో నిలబెట్టినవాడికి గీత ఎక్కడుందో తెలుస్తుంది.

అల్లుడు: గట్టు కదలదు మామా, పొలమే జరుగుతుంది. బార్ కిందికి దించితే, వీపు ఇంకొంచెం వంగితే గానీ అది పాదం మీదికి రాదు. వీపు వంగాలంటే పిర్రలు వెనక్కి పోవాలి. వాటితో తొడంతా వెనక్కి జరుగుతుంది, మోకాలు గట్టు దగ్గరికి వస్తుంది. మోకాలి వాటా తగ్గె, తుంటి వాటా పెరిగె. నువ్వు చెప్పినట్టు పైన పెడితే వీపు నిటారు, మోకాలు వేళ్లు దాటి ముందుకు పోతుంది. మోకాలి వాటా పెరుగుతుంది. అదే నూరు కిలోలు, మోకాలికి ఇరవై సెంటీమీటర్లు ఉండేది పదహైదు అయిందనుకో, నాలుగో వంతు సేద్యం తగ్గిపోయినట్టే.

మామ: తగ్గింది గాలికి పోయిందా? అన్న నెత్తిన పడింది.

అల్లుడు: అన్న బలవంతుడు కదా. తుంటి చుట్టూ పిర్రలున్నాయి, తొడ వెనక కండలున్నాయి. ఒంట్లో అంత పెద్ద కండలు ఇంకెక్కడ ఉన్నాయి? అందుకే ఎక్కువ లేస్తుంది.

మామ: మా ఇంట్లోనూ అట్లనే అనిరి. పెద్దోడు బలవంతుడు, వానికి కొండ పక్క రాళ్ల నేల ఇద్దామని.

నేను నవ్వాను. మామ నవ్వలేదు. ఆ గొడవ నిజంగానే పెద్దదై ఉండాలి.

గట్టు లెక్క నాకు నచ్చింది గానీ, దానికి ఒక హద్దుంది. ఆ లెక్కలో కడ్డీ బరువు ఒక్కటే ఉంది, ఒంటి బరువూ కదలికా లేవు. 2003లో ఫ్రై, స్మిత్, షిల్లింగ్ అనే ముగ్గురు పరిశోధకులు, బరువులెత్తడం అలవాటున్న ఏడుగురు మగవాళ్లతో ఒంటి బరువంత బార్ పెట్టించి స్క్వాట్లు తీయించారు. ఒకసారి మామూలుగా, ఇంకోసారి మోకాళ్లు ముందుకు పోకుండా ఎదురుగా పలక అడ్డం పెట్టి. పలక పెట్టినప్పుడు మోకాలి మీద తిప్పుడు బలం సగటున 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కు దిగింది. తుంటి మీద 28 నుంచి 302కు ఎగిరింది. అన్నదమ్ముల పంపకంలో అయితే తమ్ముడు వదిలినంతే అన్నకు రావాలి. ఇక్కడ తమ్ముడు వదిలింది ముప్పై మూడు, అన్నకు వచ్చింది రెండువందల డెబ్భై పైచిలుకు. మోకాలిని బలవంతంగా ఆపితే వీపు తన దారి తాను వెతుక్కుని వంగుతుంది, ఆ ఖర్చు తుంటి ఖాతాలో పడుతుంది. బార్‌ను అరుగు మీదికి దించడం వేరు, మోకాలికి పలక అడ్డం పెట్టడం వేరు. రెండోది ఎవరూ చేయరనుకుంటారు. నోటిమాటతో చేయించినవాళ్లు బోలెడంత మంది. మామ కూడా అందులో ఒకడని ఆ రోజే తెలిసింది.

మామ: నేనూ చెప్పినాను రా. దాచేదేముంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ట్రైనింగుకు పంపించిరి. అక్కడ వచ్చిన ఆయన, మోకాలు కాలివేళ్లు దాటితే కీలు అరుగుతాది, సగం కంటే కిందికి దిగితే నరాలు వదులైపోతాయి అని గీతలు గీసి చూపించినాడు. నేను చేతకాక నమ్మినాను. నా బళ్లో రెండేండ్లు పిలకాయలతో సగం బస్కీలే తీయించినాను. మా ఇంటావిడ చూసి నవ్వింది. పొద్దున్నించీ గొంతుక్కూర్చొని కళ్లాపి చల్లి, ముగ్గేసి, కూరలు తరిగేదాన్ని, నా మోకాళ్లు వదులైనాయా అనింది.

నేను: ఆ గీతలు ఎక్కడివో తెలుసా సార్? 1961లో అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీలో కార్ల్ క్లైన్ అనే ఆయన, లోతుగా కూర్చుని లేచేవాళ్లకు మోకాలి కట్లు సాగుతాయని రాశాడు. తరవాత చేసిన పరిశోధనల్లో అది నిలబడలేదు. కానీ మాట మాత్రం ఊళ్లు దాటి, భాషలు దాటి వచ్చేసింది.

మామ: కాణిపాకంలో వినాయకుని ఎదురుగా గుంజీళ్లు తీసేటప్పుడు ఎవురైనా సగంలో ఆగుతారా సార్? చెవులు పట్టుకొని పిర్రలు మడమల్ని తాకేదాకా దిగుతారు. ఆ కాలం ముసిలోళ్లు చెట్టు కింద గొంతుక్కూర్చొని రెండు మూడు గంటలు రాజకీయం మాట్లాడేవాళ్లు. మడమ లేచేది కాదు.

అల్లుడు: ఆ కాలం మామా. ఇప్పుడు ఈ సారును కూర్చోమను చూద్దాం.

నన్నే అన్నాడు. కూర్చున్నాను. సగం దాటగానే మడమలు రెండూ లేచాయి. ఇరవై అయిదేళ్లు కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్న చీలమండలు అవి.

అల్లుడు: చూసినావా. చీలమండ వంగనివానికి నీ పద్ధతి ఎట్లా చెప్తావు? వీపు నిటారుగా ఉండాలంటే మోకాలు ముందుకు పోవాలి, మోకాలు పోవాలంటే చీలమండ మడవాలి. అది మడవకపోతే మడమ లేస్తుంది. కింద పెట్టేది వీళ్లకే మేలు, పిర్రలు వెనక్కి పోతాయి, చీలమండతో అంత పని ఉండదు.

మామ: బూట్లు వేసుకొంటాడు. మా కాలంలో బూట్లు కొనేదానికి దుడ్డు లేక, చిత్తూరులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర కాన్వాసు బూట్ల మడమ కింద టైరు ముక్కలు రెండు పొరలు కొట్టించుకొన్నాము. ముప్పావలా తీసుకొన్నాడు. లిఫ్టింగ్ షూస్ అని మీరు వేలు పోసి కొనేదాంట్లో ఉండేది అదే, మడమ రొంత ఎత్తు. సరే, నీ పద్ధతికి బుజం వంగాల కదా? ఈయన చేతులు ఎనక్కి పోతాయా, అది చూడు.

నా చేతులు వెనక్కి పోలేదు. అరుగు మీద బార్ పట్టుకోవాలంటే భుజాలు బాగా వెనక్కి తిరగాలి. తిరగకపోతే మణికట్టు విరుచుకుని బార్ బరువంతా దాని మీద పడుతుంది. నేను అల్లుడు చెప్పినట్టు పెట్టుకున్న ఆ రెండు నిమిషాల్లోనే ఎడమ మోచేతి లోపలి పక్క సూది పొడిచినట్టు అయింది. బొటనవేలు బార్ కిందికి తిప్పకుండా పైనే పెట్టు, మణికట్టు తిన్నగా ఉంటుంది అన్నాడు. కొంచెం నయమే. మొత్తానికి ఒకరి పద్ధతికి నా చీలమండ అడ్డం, ఇంకొకరి పద్ధతికి నా భుజం అడ్డం.

అల్లుడు: చిత్తూరు బెల్లం మండీలో హమాలీలను చూసినావా మామా? బస్తా మెడ మీద పెట్టుకుంటారా? ఇద్దరు ఎత్తి వేసేటప్పుడు ముందే నడుము దగ్గర వంగి, వీపు పలక చేసి, బస్తా రెక్కల మీదికి తీసుకుంటారు. ఎవరు నేర్పించినారు వాళ్లకు? బరువే నేర్పించింది. అది నా పద్ధతి.

మామ: వాళ్లు నడుస్తారు రా, కూర్చొని లేస్తారా? బస్తా వీపుకు అతుక్కొంటాది, ఈ రాడ్డు గుండ్రంగా దొర్లుతాది. పోలిక తెచ్చేటప్పుడు చూసి తేవాల. ఆడికృత్తికకు తిరుత్తణి పోయే కావడోళ్లను చూడు. ఎత్తుకొన్నప్పుడు మెడ పక్కన. నొప్పి పుడితే ఆ బుజం, ఈ బుజం మారుస్తారు. ఎప్పుడూ ఒకే చోట పెట్టుకొని పోయినోడు లేడు.

అల్లుడు: అంటే మార్చుకోవచ్చు అంటావు.

మామ: అట్లని కాదు... తిరుత్తణి మనదే గదా ఒకప్పుడు.

మాట దాటేయడానికి పెద్దవాళ్లు చరిత్రలోకి పోతారు. తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరయ్యాక ఈ మామా అల్లుళ్లు కూడా వేరే జిల్లాల మనుషులయ్యారు. గట్లు జరగడం ఇక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. కావడి మాట మీద మామ తన వాదనకు తానే కన్నం పెట్టుకున్నాడు. అది అల్లుడు చూశాడు, కానీ వదిలేశాడు. ఆ మర్యాద నాకు నచ్చింది.

వదిలేయడానికి ఇంకో కారణం ఉందని తరవాత తెలిసింది. మామ కదిపాడు.

మామ: మొన్న పోటీలో ఏమాయ? మీ అమ్మ చెప్పింది ఫోనులో.

అల్లుడు: నూట ఎనభై లేపినా మామా. లేచింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఎర్ర లైటు వేసినారు. తుంటి దగ్గర మడత మోకాలి పైభాగం కంటే కిందికి రాలేదంట.

మామ: వచ్చిందా?

అల్లుడు: ...వీడియో చూసినా. రాలేదు.

మామ: చూపించు.

ఫోను చేతులు మారింది. మామ కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని, ఒకసారి, రెండోసారి, మూడోసారి చూశాడు. మూడోసారి వేలితో ఆపి ఆపి చూశాడు. ఆ తరవాత మాట్లాడింది మామ కాదు, డ్రిల్లు మాస్టరు.

మామ: రాడ్డు కింద పెట్టినావు. మంచిది. పెట్టినాక ఛాతీ ఎందుకు రా ఎత్తి పెట్టినావు? తల పైకి, చూపు పైకప్పు మీదికి. అది నా పద్ధతి. రాడ్డు నీది, వీపు నాది. రాడ్డు కింద ఉండి వీపు నిటారుగా ఉంటే అది పాదానికి ఎనకపక్క ఉంటాది, దిగితే వెల్లకిలా పడతావని ఒంటికి తెలుసు. అందుకే భయపడి సగంలో ఆగింది. దిగలేక కాదు.

అల్లుడు మాట్లాడలేదు. ఫోను తీసుకుని తానూ చూశాడు.

అల్లుడు: ఛాతీ ఎత్తు, ఛాతీ ఎత్తు అని పక్కనుంచి అరిచినారు మామా.

మామ: అరిచేవాళ్లు అందరికీ ఒకటే అరుస్తారు. నీ రాడ్డు యాడుందో వాళ్లు చూసినారా?

అల్లుడు: సరే, నీది చెప్పనా? కోపం రాకూడదు.

మామ: చెప్పు.

అల్లుడు: పొద్దున నువ్వు అరవై కిలోలు తీసేటప్పుడు చూసినా. బార్ పైన, మెడ దగ్గరే. నిటారుగా దిగినావు. లేచేటప్పుడు ముందు నీ పిర్రలు లేచినాయి, బార్ అక్కడే ఉండిపోయింది, ఆ తరవాత నడుముతో దాన్ని పైకి తెచ్చినావు. ఆ మోకాలు దాటగూడదు అనే మాట ఇంకా నీ ఒంట్లో ఉంది మామా. లేచేటప్పుడు మోకాళ్లను వెనక్కి లాక్కుంటావు. బార్ నీది, లేచేది నా మాదిరి. పైన ఉన్న బార్‌తో అట్లా వంగితే దారం పాదం దాటి వేళ్ల మీదికి పోతుంది. నడుము నొప్పి వయసు వల్ల అంటావు గానీ, నాకు అనుమానమే.

ఇద్దరూ కాసేపు ఎవరి నీళ్ల సీసా వాళ్లు తాగారు.

నేను ఆ జిమ్ములో వారం రోజులుగా చూస్తున్నది ఇదే, చెప్పుకోలేకపోయానంతే. తప్పు బార్ పైన పెట్టడంలో లేదు, కింద పెట్టడంలో లేదు. ఒక చోట పెట్టి ఇంకో చోటికి తగిన వీపు పెట్టడంలో ఉంది. అద్దం ముందు ఒక కుర్రాడు బార్‌కు లావుపాటి నురగ ప్యాడు చుట్టి తీస్తుంటాడు. మెత్తగా ఉంటుందంటాడు. ఆ ప్యాడు బార్‌ను ఇంకో అంగుళం పైకీ వెనక్కీ జరుపుతుంది, పైగా దొర్లుతుంది. వాడు పైనా పెట్టినట్టు కాదు, కిందా పెట్టినట్టు కాదు. వాడిని చూసి ఇద్దరూ ఒకేసారి తల తిప్పుకుంటారు. ఆ ఒక్క విషయంలో మామా అల్లుళ్లకు భేదం లేదు.

నేను: అయితే నా సంగతేంటి? చీలమండ ఒప్పుకోదు, భుజం ఒప్పుకోదు. మోకాళ్లు పలుకుతున్నాయి. మూడువేల అయిదువందల యాభై మెట్లు ఎక్కాలని మొక్కుంది. మోకాళ్ల పర్వతం దగ్గర నిలబడి మోకాళ్లు నొప్పి అని ఎవరితో చెప్పుకోను?

అల్లుడు: ఎక్కేటప్పుడు కాదు కదా సార్ నొప్పి, దిగేటప్పుడు అన్నారు.

నేను: దిగేటప్పుడే.

మామ: అట్లయితే దిగేది నేర్చుకోవాల. ఎవురూ నేర్పించరు అది. అందరూ లేచేదాని మీదనే పడతారు. మూడు లెక్క పెట్టుకొని దిగాల, కింద ఒక క్షణం నిలవాల, లేవాల. ఇప్పుడు రాడ్డు వద్దు.

అల్లుడు: రాడ్డు వద్దు అని నువ్వే అంటున్నావా?

మామ గోడ దగ్గరికి పోయి పది కిలోల ప్లేటు ఒకటి తెచ్చాడు. అంచులు రెండూ పట్టుకుని నా ఛాతీకి ఆనించాడు.

మామ: నీళ్ల బిందె పట్టుకొన్నట్టు పట్టుకోండి. ఇప్పుడు కూర్చోండి. బరువు ముందర ఉంటే పిర్రలు ఎనక్కి పోయినా పడరు, వీపు దానంతట అదే నిలబడతాది.

అల్లుడు: ఆగు మామా, మడమ లేస్తుంది.

వాడు పరుగున పోయి రెండున్నర కిలోల ప్లేట్లు రెండు తెచ్చి నా మడమల కింద తోశాడు. టైరు ముక్కల వైద్యమే, ఇనుముతో. మామ ఆ ప్లేట్లను చూశాడు, వాణ్ని చూశాడు, ముప్పావలా అన్నాడు.

కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు అని మామ లెక్క. తొడ నేలకు సమంగా వచ్చేసరికి నా ఒళ్లంతా వణికింది గానీ మడమ లేవలేదు. మోకాలు వేళ్లు దాటింది. నొప్పి లేదు, మంట ఉంది, అది తొడ ముందు కండలో. లేచాను. అయిదుసార్లు తీశాను. ఆరోసారి లేవలేక ప్లేటును అల్లుడి చేతికిచ్చేశాను.

అల్లుడు: నెల రోజులు ఇట్లా తీసి, అప్పుడు బార్ పెట్టుకోవచ్చు సార్.

నేను: ఎక్కడ?

మామ: పైన.

అల్లుడు: చూద్దాం మామా. నెల కానీ.

ఇంటికి వచ్చి చొక్కా విప్పితే వీపు మీద సుద్దపొడి చారలు రెండు ఉన్నాయి. ఒకటి మెడ కింద, ఒకటి దానికి కొంచెం దిగువ, ఒక పక్కకు ఒరిగి. మా అమ్మాయి స్కేలు తెచ్చి కొలిచింది. రెండంగుళాలు లేదు నాన్నా, ఒకటిన్నరే అంది.